వంటగదిలో నునుపు, గరుకు: ఏ ఉపరితలం ఎక్కడ ఉండాలి

కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో వంటగదులు చాలావరకు ఒకే పోలికలో కనిపిస్తాయి. గట్టు మీద అద్దంలా మెరిసే నల్ల గ్రానైట్, గోడకు మెరిసే తెల్ల టైల్స్, అరల తలుపులకు మెరిసే అక్రిలిక్, నేల మీద మెరిసే విట్రిఫైడ్ టైల్స్ ఉంటాయి. వేటికవే చూస్తే తప్పు పట్టవలసింది ఏమీ లేకపోయినా, గృహప్రవేశమైన ఆరు నెలలకు ఇంటివాళ్లకు ఏదో వెలితి తోస్తుంది. గది రక్తపరీక్షలు చేసే ల్యాబులా ఉందనిపిస్తుంది. అప్పుడు ఎక్కువమంది చేసే పని రంగు మార్చడం. తెల్ల తలుపులు పోయి ఎర్రవో ఆకుపచ్చవో వస్తాయి, అవీ మెరుస్తూనే ఉంటాయి, వెలితి మాత్రం అలాగే మిగిలిపోతుంది. ఆ గదిలో లేనిది టెక్స్చర్, అంటే ఉపరితలాల నునుపు గరుకుల మధ్య ఉండవలసిన తేడా.

టెక్స్చర్ చేతికి తగిలే గుణం, వెలుగు పక్కనుంచి పడినప్పుడు కంటికి కూడా తెలిసే గుణం. పాత పెంకుటిళ్ల వంటగదుల్లో అది ఎవరూ పనిగట్టుకుని ఏర్పాటు చేయకుండానే ఉండేది. రోలు గరుకు, ఇత్తడి బిందె నునుపు, చేట అల్లిక, సున్నపు గోడ పొడితనం, నాపరాతి నేల చల్లదనం అన్నీ పని వల్ల వచ్చినవే. రోలు అరిగి నునుపెక్కితే పప్పు నలగదు కాబట్టి గాట్లు కొట్టించేవారు. బిందె గరుకుగా ఉంటే మురికి పట్టి తోమడం కష్టం కాబట్టి దాన్ని మెరుగు పెట్టించేవారు. ఏది నున్నగా ఉండాలో, ఏది గరుకుగా ఉండాలో అక్కడ జరిగే పనే నిర్ణయించేది. ఇప్పటి మోడ్యులర్ వంటగదికి కూడా ఇంతకంటే మంచి సూత్రం నాకు కనిపించలేదు. ఈ వ్యాసమంతా దాని మీదే నడుస్తుంది.

ముందు జిడ్డు ఎక్కడికి వెళ్తుందో చూడండి

సామాన్లు కొనడానికి ముందు, ఇప్పుడు వాడుతున్న వంటగదిలోనే రెండు చిన్న పరీక్షలు చేయవచ్చు. మొదటిది జిడ్డు పరీక్ష. పొయ్యి పక్క గోడ, చిమ్నీ కింది అంచు, పై అరల తలుపులు, ఫ్రిజ్ పైభాగం, కిటికీ ఊచలు, గది మరో చివర గోడ వరుసగా తెల్లని టిష్యూ కాగితంతో ఒక్కసారి తుడిచి, ఆ కాగితాలను పక్కపక్కన పెట్టి చూడండి. మన వంటలో తిరగమోత లేని పూట ఉండదు. అప్పడాలు, వడియాలు, పూరీలు వేగేటప్పుడు నూనె సన్నని తుంపరగా గాలిలోకి లేచి, చల్లటి ఉపరితలం తగిలిన చోట పొరగా కూర్చుంటుంది, ఆ పొరకు దుమ్ము అంటుకుని బంకలా తయారవుతుంది. కాగితం పసుపు రంగుకు తిరిగిన ప్రతిచోటా నునుపైన ఉపరితలమే ఉండాలి. కాగితం దుమ్ముతో నల్లబడినా జిడ్డుగా లేకపోతే అక్కడ కొద్దిపాటి గరుకు ఫరవాలేదు. కాగితం తెల్లగానే వచ్చిన చోట మీకు నచ్చిన టెక్స్చర్ పెట్టుకోవచ్చు.

రెండోది టార్చి పరీక్ష. రాత్రి ట్యూబులైటు ఆపేసి, ఫోను టార్చిని గోడకు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. ఎదురుగా వెలుగు పడినప్పుడు చదునుగా కనిపించిన గోడ మీద పుట్టీ అలలు, టైల్స్ మధ్య ఎగుడుదిగుడులు, పెయింటు రోలరు చారలు అన్నీ బయటపడతాయి. గరుకును చూపించేది పక్క వెలుగేనని ఈ పరీక్షతో అర్థమవుతుంది. వేలకు వేలు పోసి గీతల టైల్స్ వేయించి, వాటికి సరిగ్గా ఎదురుగా బల్బు పెట్టిస్తే డబ్బు ఎలా వృథా అవుతుందో కూడా అర్థమవుతుంది.

గట్టు: రాయి పేరు కంటే దాని ఫినిష్ ముఖ్యం

వంటగదిలో చెయ్యి ఎక్కువసేపు ఆనేది గట్టు మీదే కాబట్టి దీనికి తీరిగ్గా ఆలోచించడం న్యాయం. మన ప్రాంతానికి రాళ్ల కొదవ లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీలో నలుపు మీద బంగారు చుక్కలు ఉంటాయి, అది దేశదేశాలకు ఎగుమతి అవుతుంది. కరీంనగర్ ప్రాంతపు టాన్ బ్రౌన్‌లో ముదురు గోధుమ రంగు పలుకులు కనిపిస్తాయి. కడప నల్ల బండ, తాండూరు నీలం, పసుపు బండలు, బేతంచెర్ల బండ సున్నపురాయి జాతివి. ఈ జాతి తేడా వంటగదిలో చాలా ముఖ్యం, ఎందుకంటే సున్నపురాయికి పులుపు పడదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం ఆ రాతిలోని కాల్షియం కార్బొనేట్‌ను కొద్దికొద్దిగా తినేస్తాయి. పాత ఇళ్లలో కడప బండ మీద చింతపండుతో ఇత్తడి సామాను తోమిన చోట నల్లరాయి తెల్లగా పాలిపోయి, మిగిలిన చోటి కంటే గరుకుగా తగిలేది ఇందుకే. తుడిస్తే పోయే మరక కాదు అది, అక్కడ రాయే అరిగిపోయి ఉంటుంది. కాబట్టి కడప, తాండూరు బండలను వంట గట్టుకు వాడవద్దని నా సలహా. అరల లోపలి పలకలకు, స్టోరు గదికి, నేలకు అవి చాలా మంచివి.

గ్రానైట్‌కు పులుపు భయం లేదు. ఇక నిర్ణయించుకోవలసింది ఫినిష్, అంటే రాతి పైభాగాన్ని తీర్చే పద్ధతి. పాలిష్ చేసిన నల్ల గ్రానైట్ మీద బియ్యప్పిండి పొడి, బోరు నీటి తెల్ల చారలు, తడి చేతి ముద్రలు అన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, పైగా పై అరల కింద పెట్టిన ఎల్‌ఈడీ చుక్కలన్నీ అందులో వరుసగా మెరిసి కళ్లకు ఇబ్బంది కలిగిస్తాయి. లెదర్ ఫినిష్ చేయించిన రాయి మృదువుగా, స్వల్పమైన ఎత్తుపల్లాలతో, పేరుకు తగ్గట్టే తోలులా తగులుతుంది. ముద్రలు కనిపించవు, వెలుగు ప్రతిఫలించదు. లపోత్రా ఫినిష్ కూడా దీనికి దగ్గరిదే గాని, కొన్ని దుకాణాల్లో ఆ పేరుతో మరింత లోతైన గుంతలున్న రాయి ఇస్తారు, కాబట్టి పేరు నమ్మకుండా చేత్తో తడిమి చూసుకోవాలి. మంటతో కాల్చి పెచ్చులు లేపిన ఫ్లేమ్డ్ ఫినిష్ వాకిలి మెట్లకు పనికివస్తుంది తప్ప వంట గట్టుకు పనికిరాదు.

లెదర్ ఫినిష్‌కు ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. దోసెల పిండి, గోధుమపిండి ఆ సన్నని పల్లాల్లో ఎండిపోతే ఒక్క తుడుపుతో రావు. కాబట్టి రెండు వైపులా గట్టు ఉన్న వంటగదిలో పొయ్యి, పిండి పని ఉండే వైపు పాలిష్ రాయిని, ఎదుటి వైపు, అంటే మిక్సీ, కాఫీ సామాను, కూరగాయల బుట్ట ఉండే వైపు అదే రాతిని లెదర్ ఫినిష్‌లో వేయించుకోవడం మంచిది. రంగు ఒకటే, రాయి ఒకటే, తగిలే తీరు మాత్రం వేరు. ఎక్కువ ఖర్చు లేకుండా గదికి లోతు తెచ్చే పద్ధతుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

రాయి ఖాయం చేసే ముందు దుకాణంలో అరచేయంత ముక్క అడిగి తెచ్చుకోండి, సాధారణంగా ఇస్తారు. దాని మీద నాలుగు చోట్ల వరుసగా పసుపు కలిపిన నూనె, చింతపండు రసం, నిమ్మరసం, ఉత్త నీటి చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. నీటి చుక్క పడిన చోట కొద్ది నిమిషాల్లోనే రాయి నల్లబడితే అది నీటిని పీల్చే రాయి, నూనెనూ పీలుస్తుంది. అలాంటిదానికి సీలరు, అంటే రాతి సన్నని రంధ్రాలను మూసే పూత, పట్టించక తప్పదు. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, అది చూసి కంగారు పడనక్కర్లేదు, పసుపు గుణమే అది. ముక్కను ఎండలో పెడితే రంగు క్రమంగా వెలిసిపోతుంది. అయితే వంటగది గట్టును ఎండలో పెట్టలేం కదా, అందుకే ఈ పరీక్ష ముందే చేసుకోవాలి.

పొయ్యి వెనక గోడ

గట్టుకూ పై అరలకూ మధ్య దాదాపు రెండడుగుల ఎత్తున ఉండే గోడ భాగమే గదిలోకి రాగానే కళ్లకు ఎదురవుతుంది, కాబట్టి అందరి ఉత్సాహమూ అక్కడే కేంద్రీకృతమవుతుంది. తప్పులు జరిగేదీ అక్కడే. నేనూ ఒకసారి మోజుపడి, ఇంటి ముందు గోడకు వేసే పెచ్చుల రాయిని పొయ్యి వెనక వేయించాను. సంక్రాంతి పిండివంటలు అయ్యేసరికి ఆ పెచ్చుల మధ్య చేరిన జిడ్డును పాత టూత్‌బ్రష్‌తో గీకుతూ రెండు మధ్యాహ్నాలు గడిపాను. చివరకు దాని ముందు టఫెన్డ్ గాజు (వేడికి తట్టుకునేలా గట్టిపరచిన గాజు) పలక బిగించాక ఆ బాధ తీరింది. ఇప్పటికే అలాంటి గోడ ఉన్నవాళ్లకు ఈ ఉపాయం పనికివస్తుంది: రాయి కనిపిస్తూనే ఉంటుంది, తుడవవలసింది గాజునే. మంట దగ్గర మామూలు గాజు పగిలే ప్రమాదం ఉంది కాబట్టి టఫెన్డ్ గాజు మాత్రమే వాడాలి, గాజు అంచులు సిలికాన్‌తో మూయించాలి.

కొత్తగా వేయించేవారు పొయ్యికి రెండు పక్కలా కనీసం రెండేసి అడుగుల మేర మెరుపున్న, చదునైన టైల్స్ వేయించుకోవడం మేలు. చదునుగా ఉన్నంత మాత్రాన టెక్స్చర్ ఉండదని అనుకోనక్కర్లేదు. చేత్తో చేసినట్టు కనిపించే చిన్న టైల్స్‌లో పైపూత ఒక్కోదాని మీద ఒక్కో తీరున అలలుగా ఉంటుంది. చేతికి నున్నగానే తగిలినా వెలుగు మాత్రం చెరువు నీటి మీద పడినట్టు విరుగుతుంది. తుడవడానికి సులువు, చూడడానికి నిండు. టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌటు గీతలు కూడా టెక్స్చర్‌లో భాగమే: టైలు ఎంత చిన్నదైతే గీతలు అన్ని ఎక్కువ, అవి పట్టే మురికీ అంత ఎక్కువ. కాబట్టి పొయ్యి, సింకు దగ్గర సిమెంటు గ్రౌటుకు బదులు ఎపాక్సీ గ్రౌటు వేయమని మేస్త్రీకి ముందే స్పష్టంగా చెప్పాలి. అది ఖరీదైనది, త్వరగా గట్టిపడుతుంది కాబట్టి పనివాళ్లు ఇష్టపడరు, అయినా పట్టుబట్టండి. తెల్ల టైల్స్ మధ్య తెల్ల సిమెంటు గ్రౌటు మన తిరగమోతకు ఏడాది కూడా తట్టుకోదు.

నిలువు గీతల టైల్స్, ఇటుక పేర్పు, గానుగ సున్నపు పూత వంటి గరుకైనవాటికి జిడ్డు చేరని గోడను ఎంచుకోండి. ఇక్కడ వాస్తు మనకు అనుకోకుండా సాయపడుతుంది. ఆగ్నేయ మూల వంటగదిలో తూర్పు ముఖంగా నిలబడి వండే ఏర్పాటు ఉంటే, కిటికీ సాధారణంగా తూర్పు గోడకే వస్తుంది. ఉదయపు వెలుగు ఆ కిటికీ గుండా వచ్చి ఉత్తర, దక్షిణ గోడల మీద ఏటవాలుగా పారుతుంది. గరుకు అందం బయటపడేది ఆ పక్క గోడల మీదే. వాటిలో పొయ్యికి దూరంగా ఉన్నదాన్ని టెక్స్చర్‌కు ఎంచుకుంటే మూడు నాలుగు గంటలపాటు దీపం లేకుండానే ఆ గోడ రూపు మారుతూ కనిపిస్తుంది. నున్నగా ఉండవలసిన పొయ్యి వెనక గోడ, అంటే కిటికీ ఉన్న గోడ, ఎలాగూ వెలుగుకు వెనకవైపే ఉంటుంది కాబట్టి అక్కడ గీతలు వేయించినా పగలు కనిపించవు.

నేల

బూట్లతో వంటగదిలోకి వెళ్లే దేశాల పుస్తకాలు నేలను కంటికి కనిపించే వస్తువుగానే వివరిస్తాయి. మనం వట్టి కాళ్లతో గంటల తరబడి నిలబడతాం, కాబట్టి మన వంటగదిలో నేల టెక్స్చర్ తెలిసేది అరికాలికి. అతి నునుపు నేల మీద నూనె చుక్క, నీటి చుక్క కలిస్తే జారిపడడం ఖాయం. మరీ గరుకైతే అరికాలు నొప్పి పుడుతుంది, తడిగుడ్డ దారాలు దానికి తట్టుకుంటాయి. టైల్స్ పెట్టె మీద జారుడుకు సంబంధించి ఆర్9 నుంచి ఆర్13 వరకు అంకెలు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. ఇంటి వంటగదికి ఆర్10 సరిపోతుంది. సింకు ముందు నీళ్లు ఎక్కువగా చిందే ఇంటికి, పెద్దవాళ్లున్న ఇంటికి ఆర్11 చూడవచ్చు, కానీ శుభ్రం చేసే శ్రమ కొంత పెరుగుతుంది. దుకాణంలో టైలును నేల మీద పెట్టించి, చెప్పులు విడిచి, దాని మీద కొంచెం నీళ్లు పోసి నిలబడి చూడండి. సేల్స్‌మాన్ వింతగా చూస్తే చూడనివ్వండి.

రాతి నేల కావాలనుకునేవారికి పాలిష్ తక్కువగా పట్టించిన తాండూరు నీలం బండ మంచి ఎంపిక. అది ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, అడుగుకు తెలిసీ తెలియని గరుకు దానిలో సహజంగానే ఉంటుంది. సున్నపురాయే కాబట్టి పులుసు ఒలికితే వెంటనే తుడవాలి.

అరల తలుపులు

విస్తీర్ణంలో అన్నిటికంటే పెద్ద ఉపరితలం ఇదే, కాబట్టి ఇది శాంతంగా ఉండాలి. కింది అరలకు స్వేడ్ ఫినిష్ లేదా మ్యాట్ లామినేట్ వాడితే రోజూ పడే చేతి ముద్రలు అంతగా కనిపించవు. అయితే ముదురు రంగు మ్యాట్‌లో, ముఖ్యంగా నలుపు, ముదురు నీలాల్లో, నూనె చేతి మచ్చ మెరుస్తూ కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. చెక్క పోలిక లామినేట్ ఎంచుకునేటప్పుడు అచ్చు వేసిన గీత ఒక చోట, చేతికి తగిలే గీత మరో చోట ఉన్న రకాన్ని వదిలేయండి. రెండూ ఒకేచోట కలిసే రకం దొరుకుతుంది, ధర కొంచెం ఎక్కువైనా చెక్కను తాకిన అనుభూతి ఇస్తుంది. గీతల దిశ అన్ని తలుపులకూ ఒకటిగా ఉండాలని వడ్రంగికి కాగితం మీద బాణం గుర్తు వేసి ఇవ్వండి. షీటు మిగుల్చుకోవాలని ఒక సొరుగుకు అడ్డంగా, ఒక తలుపుకు నిలువుగా కోసేయడం మామూలుగా జరిగే పని. లోపలి ప్లైవుడ్ సింకు దగ్గరైనా ఐఎస్ 710 గుర్తు ఉన్నదై, అంటే నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అయి ఉండాలి; తడికి చెక్క ఉబ్బితే పైన ఎంత మంచి టెక్స్చర్ ఉన్నా పెచ్చులూడుతుంది.

ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే నిలువు గాడుల తలుపుల విషయంలో నాకు కొంత అనుమానం ఉంది. పొయ్యి కింద, చిమ్నీ పక్కన ఆ గాడులు దుమ్మునూ జిడ్డునూ కూడబెడతాయి. నచ్చితే ఫ్రిజ్ పక్కనుండే పొడవాటి అర ఒక్కదానికే పరిమితం చేసుకోండి. దానికంటే ఉపయోగకరమైనది బెత్తం అల్లిక తలుపు: ఉల్లిపాయలు, వెల్లుల్లి, బంగాళదుంపలు పెట్టే అరకు గాలి కావాలి, అల్లిక ఆ గాలినిస్తుంది, గదిలో మిగతావన్నీ చదునుగా ఉన్నప్పుడు కంటికి విశ్రాంతినీ ఇస్తుంది. తడి తగలని ఎత్తులో పెట్టించాలి. పింగాణీ, గాజు సామాను ఉండే పై అరకు గీతల గాజు వేస్తే లోపలి వస్తువులు నీడల్లా కనిపిస్తాయి గాని గజిబిజి తెలియదు.

పిడుల విషయం చిన్నదైనా రోజుకు వంద సార్లు చెయ్యి పడేది వాటి మీదే. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి లక్క పూసి చేసే బొమ్మల పనితనంతోనే అరల పిడులు కూడా చేయించుకోవచ్చు. ఆ లక్క పూత నునుపు ఏ లోహపు పిడికీ రాదు. లక్కకు వేడి పడదు, అందుచేత పొయ్యి పక్క అరలకు మాత్రం స్టీలు పిడులే ఉంచాలి.

ఎన్ని రకాలు కలపవచ్చు

ఎనిమిదడుగులు, పదడుగుల వంటగదికి మూడు రకాల టెక్స్చర్లు చాలు. పెద్ద విస్తీర్ణంలో ఒక శాంతమైనది, మధ్యస్థంగా ఒక రాయి, చిన్న చోట ఒక గట్టి గరుకు. నాలుగోది తేవాలనిపిస్తే గోడకో తలుపుకో అతికించకుండా వస్తువుగా తెచ్చుకోండి: ఊరగాయ జాడీ, వెదురు బుట్ట, ఇత్తడి చెంబు, రోట్లో ఇంకా పచ్చడి నూరుతుంటే ఆ రోలు. అద్దె ఇళ్లలో ఉండేవారికి, విదేశాల్లో గోడకు మేకు కొట్టడానికి కూడా అనుమతి లేని అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగువారికి అందుబాటులో ఉన్న మార్గం ఇదొక్కటే, అది తక్కువదేమీ కాదు. వాడని వస్తువును అలంకారంగా పెడితే మాత్రం నెలకోసారి దాని జిడ్డు కడగవలసి వస్తుంది.

రంగులు తగ్గించుకుంటే టెక్స్చర్లు బాగా తెలుస్తాయి. బూడిద రంగు తలుపు, బూడిద రంగు రాయి, బూడిద రంగు సున్నపు గోడ పక్కపక్కన ఉంటే కన్ను తేడాను ఉపరితలంలోనే వెతుకుతుంది. అయిదు రంగుల మధ్య అదే గరుకును పెడితే ఎవరూ గమనించరు.

దీపాలు, పని వరుస

గది నడిమధ్య ఒకే ట్యూబులైటు ఉంటే టెక్స్చర్లన్నీ చదునైపోతాయి, పైగా గట్టు మీద మన నీడే పడుతుంది. పై అరల కింద ఎల్‌ఈడీ పట్టీ వేయించండి. అది గోడకు దగ్గరగా ఉంటే వెలుగు గోడ మీదుగా జారుతూ టైల్స్ అలలను చూపిస్తుంది. మేస్త్రీ పనిలో ఎగుడుదిగుడులుంటే వాటినీ చూపిస్తుంది. అర ముందు అంచుకు బిగిస్తే గట్టు మీద వెలుగు బాగా పడుతుంది, గోడ లోపాలు కప్పబడతాయి. టార్చి పరీక్షలో మీ గోడ ఎలా తేలిందో దాన్నిబట్టి చోటు నిర్ణయించుకోండి. గట్టు పాలిష్ రాయి అయితే పట్టీకి పాలలాంటి మూత తప్పనిసరి.

ఈ పనుల వరుస తప్పితే ఖర్చు రెట్టింపవుతుంది. కరెంటు తీగలు టైల్స్ కంటే ముందే గోడలోకి వెళ్లాలి, కాబట్టి టెక్స్చర్ ఏ గోడకన్నది అప్పటికే తేలి ఉండాలి. రాయి ముక్క, టైలు, లామినేట్ ముక్క, పిడి నాలుగూ చేతికి వచ్చాక వాటిని మీ వంటగదిలోనే, గట్టు వచ్చే ఎత్తులో, తలుపులా నిలువుగా ఉండవలసినవాటిని నిలువుగా నిలబెట్టి, ఉదయం ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూడండి. దుకాణం దీపాల కింద నచ్చిన జతల్లో కొన్ని ఇక్కడ నచ్చవు. గరుకు గోడను మొత్తం వేయించే ముందు మేస్త్రీతో మూడడుగుల చదరం వేయించి, గ్రౌటు కూడా పెట్టించి, ఎండాక దాని మీద కాస్త నూనె, పసుపు చల్లి మీరే కడిగి చూడండి. ఆ ఇంట్లో రోజూ కడిగేది ఎవరో వారి చేతనే కడిగిస్తే ఇంకా మంచిది. వారు విసుక్కుంటే ఆ టైలు మార్చండి. ఒప్పుకుంటే పదో వంతు ఎక్కువ టైల్స్ కొని, మిగిలినవి అటక మీద దాచండి. పగిలినప్పుడు అదే అచ్చులో అవే మళ్లీ దొరకవు.